పొగ తిరిగే దారి

“ఉప్పు లేదని మొహం అలా పెట్టకు. బాలింతకి ఉప్పేమిటి? తాగెయ్, పాలు పడతాయి,” అంది అత్తగారు, గిన్నె మంచం పక్కన పెడుతూ.

షూయున్ గిన్నె అందుకుంది. ముసలి కోడిని పొద్దుటినుంచి ఉడకబెట్టి తీసిన చారు. పైన కొవ్వు పచ్చగా తెట్టు కట్టి ఉంది. గిన్నె ఖాళీ అయ్యేదాకా ఆవిడ కదలదు. కదలకుండా నిలబడి, కోడలి గొంతులో ఒక్కో గుక్కా దిగడం చూస్తుంది. బిడ్డ పుట్టినప్పటినుంచి ఇదే వరస. పొద్దున బెల్లప్పాకంలో కోడిగుడ్లు, మధ్యాహ్నం పంది కాళ్ళూ వేరుశనక్కాయలూ, సాయంత్రం కోడి చారు. షూయున్‌కి ఆకలేస్తోందా అని ఎవరూ అడగరు. పాలు పడుతున్నాయా అని అడుగుతారు.

బయట ప్లం పళ్ళు పండే రోజుల్లో వచ్చే ముసురు పట్టి లీయాంగ్ ఊరంతా ఉమ్మగిల్లిపోతోంది. గదిలో కిటికీలు బిగించి ఉన్నాయి. సందుల్లో పాత తువ్వాళ్ళు కుక్కి ఉన్నాయి. ఏసీ రిమోటు అత్తగారి జేబులో ఉంది. షూయున్ తలకి గుడ్డ, కాళ్ళకి మేజోళ్ళు, ఒంటిమీద పొడుగు చేతుల చొక్కా. నెల నిండేదాకా తలస్నానం లేదు. చల్లనీళ్ళు ముట్టుకోకూడదు. గుమ్మం దాటకూడదు. పుస్తకం చూస్తే కళ్ళు పోతాయి, ఫోను చూస్తే కళ్ళు పోతాయి, ఏడిస్తే అసలే పోతాయి. “నేను హాన్‌బోని కన్న నాలుగో నాడే మా అత్త నన్ను నారుమడిలోకి దింపింది. ఈ మోకాళ్ళు చూడు. వానొస్తే నాకంటే ముందు వీటికి తెలుస్తుంది. ఆ గతి నీకు పట్టకూడదనే నా తాపత్రయం,” అంటుంది ఆవిడ. ఆ మాటలో అబద్ధం లేదు. అందుకే షూయున్ ఎదురుచెప్పలేదు. కసిరితే ఎదురు తిరగొచ్చు. మోకాళ్ళు చూపించి ప్రేమగా తలుపు మూసే మనిషిని ఏం చెయ్యాలి?

ఈ పని మామూలుగా కన్నతల్లి చేస్తుంది. షూయున్ వాళ్ళమ్మ కూడా చెయ్యాలనే అనుకుంది. గోధుమ పిండి, జొన్న బెల్లం, తన చేత్తో కుట్టిన పొత్తిళ్ళు మూటకట్టుకుని తియాన్‌షుయి కొండల్లోంచి రైలెక్కి వస్తానని శీతాకాలంలోనే చెప్పింది. వసంతం రాగానే ఒక మధ్యాహ్నం కొండ మిరియాల చెట్లకి నీళ్ళు పెడుతూ పెడుతూ ఆ గట్టు మీదే కూలబడి పోయింది. అప్పటికి షూయున్‌కి ఏడో నెల. కడుపుతో ఉన్న మనిషి శవాన్ని చూడకూడదన్నారు. అత్తగారు ఊరినుంచి ఫోన్ చేసి మరీ చెప్పింది. “పోయినావిడ ఎలాగూ పోయింది. కడుపులో ఉన్నదాని సంగతి చూడాలి కదా,” అన్నాడు భర్త హాన్‌బో, ఆమె సర్దుకున్న సంచిలోంచి బట్టలు ఒక్కొక్కటీ తీసి మళ్ళీ బీరువాలో పెడుతూ. చాలా నెమ్మదిగా పెట్టాడు. మడతలు నలగకుండా. ఆ మర్నాడు షూయున్ ఆఫీసుకి వెళ్ళింది. అక్కడ ఆమె ప్లేటు ఉంది కాబట్టి వెళ్ళింది.

ఆ ప్లేటు సంగతి చెప్పాలి. కారు అడుగున పరుపులా పరిచే బ్యాటరీలో వందలకొద్దీ సెల్లులు పక్కపక్కన నిలబడి ఉంటాయి. తొందరగా ఛార్జింగ్ ఎక్కించాలని చూస్తే అవి వేడెక్కుతాయి. ఆ వేడిని లాగేయడానికి వాటి కింద పల్చటి అల్యూమినియం ప్లేటు పెడతారు. దాని లోపల సన్నటి కాలువలుంటాయి. నీళ్ళూ గ్లైకాలూ కలిపిన కూలెంట్ ఒక మూల లోపలికి వచ్చి, కాలువలన్నీ తిరిగి, వేడిని మోసుకుని బయటికి పోతుంది. చెప్పడానికి ఇంతే. కానీ పారే దేనికైనా దగ్గరి దారంటేనే ఇష్టం. లోపలికి వచ్చే నోటికి దగ్గరగా ఉన్న కాలువలోంచి చప్పున పారిపోతుంది. దూరపు మూలన ఉన్న సెల్లుల దగ్గరికి వచ్చేది కొద్దిగా, అదీ అలిసిపోయి. ఒక్క మూల మిగతా వాటికన్నా వేడిగా ఉంటే చాలు, అక్కడి సెల్లులు ముందు ముసలివవుతాయి. వాటితోపాటు మొత్తం బ్యాటరీ పాడవుతుంది. అన్నిటికీ ఒకే చల్లదనం అందేలా కాలువలు గీయడమే షూయున్ ఉద్యోగం. ఉద్యోగంలో చేర్చుకునేటప్పుడు డైరెక్టర్ తాన్ అడిగిన మొదటి ప్రశ్న కాలువల గురించి కాదు. “పిల్లల్ని ఎప్పుడు కనాలనుకుంటున్నావమ్మా?” అన్నాడు. రెండో ప్రశ్న కూడా అదే, మరో రకంగా.

ప్రసవానికి సెలవు పెట్టిన రోజు ఆయన ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. “హాయిగా పిల్లని కని రా. ప్లేటు ఎక్కడికీ పోదు. నువ్వొచ్చేదాకా హాన్‌బో చూస్తాడు. మీ ఇంట్లోవాడే కదా, బెంగేముంది?” అన్నాడు. హాన్‌బో అదే కంపెనీలో బ్యాటరీ పెట్టెలు చేసే విభాగంలో ఉన్నాడు. అల్యూమినియాన్ని ఎలా వంచాలో, ఎలా అతకాలో అతనికి బాగా తెలుసు. దాని లోపల పారే దాని గురించి తెలియదు. తెలియదని అతనికీ తెలుసు. అందుకే సాయంత్రాలు ఇంటికి త్వరగా రావడం మొదలుపెట్టాడు.

రాగానే చేతులు కడుక్కుని గదిలోకి వచ్చి మంచం చివర కూర్చునేవాడు. పాపని ఒకసారి చూసి, “ఇవాళ ఎలా ఉంది?” అనేవాడు. పాప గురించా, తన గురించా అని షూయున్ మొదట్లో తడుముకునేది. అతను అడిగేది ప్లేటు గురించి కూడా కావచ్చని తర్వాత అర్థమైంది. “ఇవాళ రెండో కాలువలో ఒత్తిడి ఎక్కువ చూపించింది. ఎందుకంటావ్?” అనేవాడు. ఒళ్ళో పాప పాలు తాగుతుంటే ఆమె చెప్పేది. తలకి గుడ్డ, చంకల్లో చెమట, కుట్లు పడ్డచోట సలుపు, అయినా చెప్పేది. వేలితో దుప్పటి మీద గీసి చూపించేది. అతను తలూపుతూ వినేవాడు. పెళ్ళైన ఇన్నేళ్ళలో అతను అంత శ్రద్ధగా ఆమె మాట విన్నది ఆ రోజుల్లోనే.

నిజం చెప్పాలంటే షూయున్ ఆ వేళ కోసం కాచుకుని కూర్చునేది. పగలంతా ఆమెతో మాట్లాడేది అత్తగారు ఒక్కతే. ఆవిడ మాటలు పాలతో మొదలై పాలతో ఆగేవి. మధ్యాహ్నం అత్తగారు కునుకు తీసినప్పుడు ఇల్లంతా నిశ్శబ్దంగా ఉండేది. ఎదురు అపార్ట్‌మెంటు బాల్కనీలో ఎవరో తడి దుప్పట్లు తీగమీంచి తీసి లోపల వేసుకోవడం మూసిన కిటికీలోంచి కనిపించేది. ఆ మనిషి ఎవరో షూయున్‌కి తెలియదు. అయినా ఆమె రాకపోతే వెలితిగా ఉండేది. తియాన్‌షుయిలో ఉన్న అన్న డబ్బులు పంపించాడు, ఫోనులో శుభాకాంక్షల ఎర్రటి బొమ్మలు పంపించాడు. అమ్మ గురించి ఒక్క మాట రాయలేదు. బాలింతకి చావు కబుర్లు చెప్పకూడదని అతనికీ ఎవరో చెప్పి ఉంటారు. అలా ఆ ఇంట్లో అమ్మ రెండోసారి, ఎవరూ అనుకోకుండానే, పోయింది. ఇక మిగిలింది సాయంత్రం హాన్‌బో అడిగే ప్రశ్నలు. అవి తనకోసం అడిగేవి కావని షూయున్‌కి తెలియక కాదు. నోరు ఎండిపోయినప్పుడు నీళ్ళు ఏ గ్లాసులో ఇచ్చారో చూసుకోరు.

అలాంటి ఒక సాయంత్రమే ఇటుక మంచం సంగతి చెప్పింది.

“అసలు ఈ అడ్డం పెట్టాలన్న ఆలోచన నీకెలా వచ్చింది?” అని అడిగాడు అతను. ప్లేటులో దగ్గరి కాలువకి షూయున్ ఒక చిన్న గడ్డలాంటిది అడ్డం పెట్టింది. దానివల్లే కూలెంట్ చుట్టూ తిరిగి దూరపు మూలలకి వెళ్తోంది.

“మా అమ్మ దగ్గర్నించి,” అంది షూయున్.

తియాన్‌షుయి కొండల్లో చలికాలం ఇటుక మంచం మీదే పడుకుంటారు. మంచం లోపల డొల్లగా, ఇటుకలతో పొగ తిరిగే దారులుంటాయి. ఒక పక్క పొయ్యి నోరు. రెండో పక్క గోడలోంచి పైకి పోయే గొట్టం. గోధుమ గడ్డి మండిస్తే పొగ లోపల తిరిగి మంచాన్ని వెచ్చబరిచి గొట్టంలోంచి పోతుంది. వాళ్ళ మంచంలో పొయ్యి వైపు కాలిపోయేది. అమ్మా, షూయున్ పడుకునే మూల మాత్రం రాయిలా చల్లగా ఉండేది. వెచ్చటి వైపు తాతా, నాయనమ్మా, అన్నా. నాన్న షిన్‌జియాంగ్‌లో పత్తి తీతకి వెళ్ళి ఏడాదికొకసారి వచ్చేవాడు. మంచం వేసే మేస్త్రీని పిలిస్తే, పనిచేసే మగాడు లేని ఇంటికి రానన్నాడు. అమ్మ ఒక ఎండాకాలం మంచం పైకప్పు పలకలు తనే ఊడదీసింది. ఆడది ఇటుక మంచం వేస్తే పొగ ఇంట్లోకే తంతుందని ఊరంతా నవ్వింది. అమ్మ చీకటి డొల్లలో తల దూర్చి, మసి మొహంతో లోపలినుంచి చెప్పింది: “పొగ దగ్గరి దారి చూసుకుని పారిపోతోందే. మూసేస్తే మొండికేసి ఇంట్లోకి వస్తుంది. మూయకూడదు. ఊరికే ఒక ఇటుక అడ్డం పెట్టాలి. అప్పుడది చుట్టూ తిరిగి మన దగ్గరికి వచ్చి గాని పోదు.” ఆ చలికాలం షూయున్ కాళ్ళు మొదటిసారి వెచ్చగా ఉన్నాయి.

“మా అమ్మ పొగని తిప్పింది. నేను కూలెంట్‌ని తిప్పాను, అంతే. వేడి బదులు చల్లదనం,” అంది.

“భలే ఉందే,” అన్నాడు హాన్‌బో. లేచి వెళ్తూ మళ్ళీ అన్నాడు, “నిజంగా భలే ఉంది.”

తర్వాత కొన్నాళ్ళు అతను దాని గురించి మాట్లాడలేదు. ఒకరోజు మాత్రం, “ఆ అడ్డం ఉంది చూశావూ, దాన్ని కూలెంట్ వచ్చే నోటి దగ్గరికి జరుపుతున్నాం. అచ్చు పొయ్యడం తేలిక. మనకి కావలసింది అడ్డమేగా, ఎక్కడుంటే ఏం?” అన్నాడు.

“జరపకు. నోటి దగ్గర పెడితే దాని వెనక ఉన్న సెల్లులు వేడెక్కుతాయి.”

“నువ్వు చూడకుండానే ఎలా చెబుతావ్?”

“చూశాను కాబట్టే అక్కడ పెట్టలేదు.”

అతను నవ్వాడు. “నీకు ఇంట్లో కూర్చుని అన్నీ తేలిగ్గానే ఉంటాయి. అక్కడ డైరెక్టర్ నెత్తిమీద కూర్చుంటే తెలుస్తుంది.” అత్తగారు గుమ్మంలోంచి, “బాలింత బుర్రని అలా తినకురా. పాలు ఇగిరిపోతాయి,” అని కేకేసింది. ఆ మాటకి తల్లీ కొడుకూ ఇద్దరూ నవ్వుకున్నారు. పాప ఉలిక్కిపడి లేచింది. దాన్ని ఊరుకోబెట్టడం షూయున్ పని.

ఆ వారంలోనే యూతింగ్ ఫోన్ చేసింది. షూయున్ చేతికింద కొత్తగా చేరిన పిల్ల. అత్తగారు కూరలకి కిందికి వెళ్ళిన సమయం చూసుకుని షూయున్ ఫోను తీసింది.

“అక్కా, పాప ఎలా ఉంది? నీ పోలికలొచ్చాయా?” అని నవ్వింది యూతింగ్. “ఇక్కడ మీ ఆయన పేరు మోగిపోతోంది తెలుసా. మొన్న మీటింగులో ప్లేటు గురించి చెబుతూ వాళ్ళమ్మ కథ చెప్పారు. చిన్నప్పుడు ఇల్లు చలికి గడ్డకట్టుకుపోతుంటే వాళ్ళమ్మ ఒక్కతే ఇటుక మంచం ఊడదీసి, పొగకి అడ్డం ఇటుక పెట్టిందట. మసి మొహంతో లోపలినుంచి ‘మూయకూడదు, ఊరికే అడ్డం పెట్టాలి’ అందట. డైరెక్టర్ గారైతే కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అంత మంచి అత్తగారు దొరికింది నీకు. ఆవిడేనా ఇప్పుడు నిన్ను చూసుకుంటోంది?”

పాప గుప్పెట్లో షూయున్ వేలు ఉంది. “అవును, ఆవిడే,” అంది.

ప్లేటు పోతుందని షూయున్‌కి ఎప్పుడో తెలుసు. ఇలాంటివి ఇలాగే పోతాయి. ముందు పని పోతుంది, తర్వాత పనిలో పేరు పోతుంది, అన్నీ ఇంట్లోవాళ్ళ చేతుల మీదుగానే కాబట్టి దొంగతనమని కేకెయ్యడానికి కూడా ఉండదు. దానికి సిద్ధపడే ఉంది. కానీ అమ్మని తీసుకుపోతాడని అనుకోలేదు. ఆ మసి మొహం, ఆ గొంతు, ఆ వేసవి మధ్యాహ్నం డొల్లలోంచి వినిపించిన ఆ మాట. అమ్మ చివరి చూపుకి తనని వెళ్ళనివ్వలేదు. ఏడవనివ్వలేదు. మిగిలిన ఆ ఒక్కటీ ఎవరికీ చెప్పక దాచుకుని, తనని ఎవరో వింటున్నారన్న సంబరంలో తనే తీసి అతని చేతిలో పెట్టింది.

సాయంత్రం అతను వచ్చి కూర్చోగానే అడిగింది. “మీ అమ్మ ఇటుక మంచం ఎప్పుడు వేసింది?”

అతని మొహం ఒక్క క్షణం తెల్లబోయింది. అంతలోనే సర్దుకున్నాడు. “ఓ, అదా. యూతింగ్ చెప్పిందా? నోట్లో నువ్వు గింజ నానదు ఆ పిల్లకి. చూడు, మీటింగులో ‘మా ఆవిడ వాళ్ళమ్మ’ అని మొదలుపెడితే కథ సాగదు. వినేవాడికి అడ్డొస్తుంది. ఏ అమ్మయితే ఏముంది? అయినా మనిద్దరిదీ ఒకటే ఇల్లు కాదూ? నాకు పేరొస్తే నీకు రానట్టా?”

“మీ దక్షిణాది కొండల్లో ఇటుక మంచాలే లేవు.”

“అది వాళ్ళకేం తెలుసు? డైరెక్టర్‌ది ఫూజియాన్, ఇంకా దక్షిణం. ఇటుక మంచం సినిమాలో చూసి ఉంటాడు.” తర్వాత గొంతు తగ్గించి, బుజ్జగిస్తున్నట్టు అన్నాడు, “పోయినావిడకి వీటితో పనేముంది చెప్పు. బతికున్నవాళ్ళకి ప్రమోషన్ వస్తే మంచిదే కదా. నువ్వు కాస్త విశ్రాంతి తీసుకో. ఈ నెలలో ఆడవాళ్ళకి మనసు ఇలాగే ఉంటుందట.”

షూయున్ గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ తర్వాతి సాయంత్రాలు అతను ఏదడిగినా, “తెలియదు,” అంది. అతను కూడా మెల్లగా అడగడం మానేశాడు. ఇంటికి ఆలస్యంగా రావడం మొదలుపెట్టాడు. దానితో ఆమె రోజులో మిగిలిన ఆ ఒక్క మాటా పోయింది. కోపంలో ఉన్న ఒంటరితనం మరీ బరువు. ఎదురు బాల్కనీలో దుప్పట్లు తీసే మనిషి కూడా ముసురు తగ్గేసరికి కనిపించడం మానేసింది.

కార్లు తయారుచేసే కంపెనీ వాళ్ళు ప్లేటు చూడడానికి వచ్చిన రోజు మధ్యాహ్నం పాప పాలు తాగి అప్పుడే కళ్ళు మూసింది. ఫోను మోగింది. హాన్‌బో. గుసగుసగా మాట్లాడుతున్నాడు. వెనక తలుపు మూసిన చప్పుడు, ఎక్కడో వరండాలో ఉన్నట్టున్నాడు.

“షూయున్, తొందరగా చెప్పు. ఆ ఇటుక ఎక్కడ పెట్టింది? పొయ్యి నోటి దగ్గరా, పొగ గొట్టం దగ్గరా?”

“ఎందుకు?”

“ఎందుకేమిటి! వాళ్ళతో గువాన్ అని ఒక ముసలాయన వచ్చాడు. లియావోనింగ్ వాడు, ఇటుక మంచం మీద పుట్టి పెరిగాడట. డైరెక్టర్ నోరు ఊరుకోక మా అమ్మ కథ ఎత్తాడు. ఇక చూడు, ముసలాయన వదలడు. ‘బాబూ, మీ అమ్మగారు ఇటుక నోటి దగ్గర పెట్టారా, గొట్టం దగ్గర పెట్టారా?’ అంటాడు. మొన్నటి పరీక్షలో అడ్డం వెనక సెల్లులు వేడెక్కాయి, అది కూడా చూశాడు. ఫోనొచ్చిందని చెప్పి బయటికొచ్చా. చెప్పు, త్వరగా.”

పాప పెదవి చివర పాల చుక్క ఉంది. షూయున్ దాన్ని వేలితో తుడిచింది. ఇంత చిన్న మాట. ఒక్క మాట చెబితే అతను లోపలికి వెళ్ళి నవ్వుతూ కూర్చుంటాడు. ప్లేటు బాగుపడుతుంది. సాయంత్రం తొందరగా ఇంటికొచ్చి మంచం చివర కూర్చుంటాడు కూడా. మళ్ళీ మాట్లాడుకోవచ్చు. ఆ ఆశ తనలో ఇంకా ఉందని తెలిసి ఆమెకి తనమీద తనకే జాలేసింది.

“లోపలికి వెళ్ళి ఫోను అందరి మధ్యా బల్లమీద పెట్టు. నేనే చెబుతాను,” అంది.

“పిచ్చా నీకు? నా పరువు తీస్తావా? పెద్దవాళ్ళున్నారు లోపల.”

“పెద్దవాళ్ళే అడిగారు కదా.”

అతను ఫోను పెట్టేశాడు.

షూయున్ పాపని పక్కలో పడుకోబెట్టి యూతింగ్‌కి ఫోన్ చేసింది. ఇలాంటి మీటింగుల్లో టీ పొయ్యడానికి ఆడపిల్లని ఒకర్తెని గదిలో ఉంచుతారు. ఇన్నేళ్ళూ ఆ టీ తనే పోసింది. ఇవాళ యూతింగ్ పోస్తూ ఉంటుంది.

“అక్కా, తర్వాత...”

“గదిలోనే ఉన్నావు కదూ? నేనని చెప్పి, స్పీకరు వేసి ఫోను బల్లమీద పెట్టు.”

యూతింగ్ ఊపిరి వినిపించింది. తర్వాత ఆ పిల్ల గొంతు కొంచెం వణుకుతూ, “డైరెక్టర్ గారూ, షూయున్ అక్క. ప్లేటు గురించి మాట్లాడతానంటోంది,” అంది. కుర్చీ జరిగిన చప్పుడు. ఎవరో దగ్గారు.

“నమస్కారమండీ, నేను షూయున్‌ని,” అంది ఆమె. “ఆ ప్లేటు నేను గీశాను. ఆ ఇటుకని పొయ్యి నోటి దగ్గర పెట్టలేదు. గొట్టం వైపు పెట్టాలి. నోటి దగ్గర పెడితే పొగ దాన్ని కొట్టుకుని రెండు పక్కలకీ చీలిపోతుంది, ఇటుక వెనకాల ఏమీ తిరగదు. కూలెంట్ కూడా అంతే. అడ్డం వెనక నిలవుండిపోయి అక్కడే వేడెక్కుతుంది. దగ్గరి కాలువ చివర, బయటికి పోయే చోట ఇరుకు చేస్తే కాలువ నిండుగానే ఉంటుంది, మిగతాది దూరపు మూలకి తిరుగుతుంది. నేను గీసినప్పుడు అక్కడే పెట్టాను. తర్వాత జరిపారు.”

అప్పుడు ఒక ముసలి గొంతు ఉత్తరాది యాసలో, “అదీ మాట! మా ఇంట్లోనూ అంతే. నోటి దగ్గర పెట్టిన ప్రతివాడూ పొగ మింగాడు,” అని నవ్వింది. “అమ్మాయ్, మీ అత్తగారు గట్టి మనిషే.”

“మా అత్తగారు కాదండీ. మా అమ్మ. తియాన్‌షుయిలో.”

“ఓహో.” ఆయన ఫోనుకి దగ్గరగా వంగినట్టున్నాడు. “ఇంకా ఆ మంచం మీదే పడుకుంటారా ఆవిడ?”

షూయున్ నోరు తెరిచింది. ఆ మాట పైకి అనడం ఇదే మొదటిసారని అప్పుడు తెలిసింది.

“లేదండీ. మా అమ్మ వసంతంలో చనిపోయింది. కడుపుతో ఉన్నానని నన్ను వెళ్ళనివ్వలేదు.”

డైరెక్టర్ తాన్ గొంతు సవరించుకుంటూ, “షూయున్, నువ్వు విశ్రాంతి తీసుకో అమ్మా, ఆరోగ్యం ముఖ్యం,” అన్నాడు.

“తీసుకుంటున్నానండీ. పాప పొద్దున పది దాటాక నిద్రపోతుంది. ప్లేటు గురించి ఎవరికి ఏ సందేహం వచ్చినా అప్పుడు నాకే ఫోన్ చెయ్యండి. హాన్‌బో చేత కబురు పంపొద్దు. ఇక్కడినుంచి అతను మోసుకెళ్ళినవి తిరిగి నా దగ్గరికి రావడం లేదు. సెలవు అవగానే వచ్చి నా బల్ల దగ్గరే కూర్చుంటాను.”

ఫోను పక్కన పెట్టింది. అప్పుడు తెలిసింది, తను ఏడుస్తోందని. తల తిప్పేసరికి గుమ్మంలో అత్తగారు గిన్నెతో నిలబడి ఉంది. ఎంతసేపటినుంచి ఉందో.

ఏడిస్తే కళ్ళు పోతాయంటుందని షూయున్ ఎదురుచూసింది. ఆవిడ అనలేదు. గిన్నె కింద పెట్టి, మంచం అంచున బరువుగా కూర్చుంది.

“ఇటుక మంచం నేను వేశానని చెప్పాడా వాడు?”

“ఊఁ.”

“నేను ఇటుక మంచం కంటితో చూడలేదే అమ్మాయ్.” ఆవిడ తన అరచేతులు తిప్పి చూసుకుంది. వేళ్ళ చివర్లు చిట్లి, నల్లటి గీతలు పడి ఉన్నాయి. “వాడి చదువుకి కొండ మీద టీ ఆకు కోశాను. వసంతంలో ఆకు మంచుతో ఉండగా కొయ్యాలి, వేళ్ళకి స్పర్శ ఉండేది కాదు. వాడికి తెలుసు. బుట్ట పక్కనే కూర్చుని చదువుకునేవాడు. అది చెప్పుకోవడానికి పనికిరాలేదా? అరువు తెచ్చుకోవలసి వచ్చిందా తల్లిని?”

షూయున్ పక్కకి జరిగి ఆవిడకి చోటిచ్చింది.

“వెళ్ళొద్దని ఫోన్ చేసి చెప్పింది నేనే,” అంది అత్తగారు, దుప్పటి అంచు సర్దుతూ. “మా అమ్మ పోయినప్పుడు నన్నూ అలాగే ఆపారు. నాకు ఆ ఒక్కటే తెలుసు.” షూయున్ వైపు తిరిగి, “ఎలా పోయింది మీ అమ్మ?” అంది.

షూయున్ చెప్పడం మొదలుపెట్టింది. మిరియాల చెట్ల గట్టు దగ్గర మొదలుపెట్టి, అక్కడినుంచి వెనక్కి, ఆ ఎండాకాలానికి, ఊడదీసిన పలకలకి, నవ్విన ఊరికి. గుక్కపట్టుకుంటూ, ఆగుతూ, ముక్కు చీదుకుంటూ. అత్తగారు మధ్యమధ్య అడ్డం వచ్చి, ఒంటరిగా అంత బరువు ఎలా ఎత్తిందనీ, మీ నాయనమ్మ ఏమీ సాయం చెయ్యలేదా అనీ, ఆ మేస్త్రీ మొహం తర్వాత ఎలా పెట్టాడనీ అడుగుతూ విన్నది. వెలుగు తగ్గింది. దీపం వెయ్యాలని ఇద్దరికీ తోచలేదు.

బయటి తలుపు తాళం తిరిగింది. చెప్పులు విసురుగా గోడకి తగిలాయి. హాన్‌బో గది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. భార్య వైపు చూడలేదు. “అమ్మా, అన్నం పెట్టు,” అన్నాడు.

అత్తగారు తల తిప్పలేదు.

“బియ్యం డబ్బాలో ఉన్నాయి,” అంది. “ఊఁ, చెప్పమ్మా. తర్వాత?”